పొగపొయ్యి పోటీలు – చూచువారి తీర్పులు

వంటను నాలుకతో పరీక్షింపవలెను గాని కంటితో గాదు. ఈ మాటకు మన గ్రామములలో ఎదురు చెప్పువారుండరు. పెండ్లిపందిటిలో కూరకు ఉప్పు చాలలేదనువాడు ఆ కూరను నోట బెట్టుకొన్నవాడే. వీథిలో నిలిచి విస్తళ్లను చూచిపోవువాడు ఆ మాట అనజాలడు. అయినను, అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరుగు ఒక విధమైన వంటపోటీలను టెలివిజనులో చూచి, వాసనయైనను సోకని జనులు ఎందరో 'వీడు గెలువవలసినవాడు, వానికి అన్యాయము జరిగినది' అని గట్టిగా తీర్పులు చెప్పుచున్నారు. ఆ తీర్పులు దేనిపై నిలిచియున్నవి? వానిలో విలువగలవి ఎవ్వి? వినోదమునకు మాత్రమే పనికివచ్చునవి ఎవ్వి? నేటి ప్రసంగమున ఈ సంగతి విచారింతము.

ఆ పోటీలు బార్బెక్యూ అను వంటకు సంబంధించినవి. అది మాంసపు వంట. వినువారిలో మాంసము ముట్టనివారు పలువురుందురు. ముట్టువారిలోను పందిని, ఎద్దును తిననివారు పలువురు. అందుచే ఈ విషయము మనకేల అని అనుకొనవలదు. టెలివిజను ముందు కూర్చున్నవాడెవడును తినుట లేదు గదా! ఆ మేరకు శాకాహారికిని మాంసాహారికిని భేదము లేదు. ఇరువురును ఒక్క పీటమీదనే యున్నారు.

బార్బెక్యూ అను మాట కరీబియను దీవుల ఆదివాసుల పలుకునుండి స్పెయినువారి నోటిమీదుగా వచ్చినది. నిప్పుపైని ఎత్తుగా కట్టిన కఱ్ఱల మంచెకు అది పేరు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఆ పద్ధతి వేళ్లూనినది. భూమిలో గోయి త్రవ్వి, కట్టెలు కాల్చి, ఆ నిప్పులపై మాంసమును రాత్రియెల్ల నిలిపి వండుట అచ్చటి పాతవాడుక. నేడు గోతికి బదులు ఇనుపపొయ్యిలు వచ్చినవి. హికరీ, ఓకు, ఆపిలు మొదలగు చెట్ల కట్టెలను వాడుదురు. మంట మాంసమునకు తగులరాదు. వేడియు పొగయు మాత్రము దానిని చుట్టుకొనవలెను. పొయ్యిలోని వేడి తరచు 110 సెంటిగ్రేడు డిగ్రీలకు అటునిటుగా నుండును. నీరు కాగు వేడికన్న ఇది కొంచెమే యెక్కువ. కాబట్టి వంట మిక్కిలి మెల్లగా సాగును.

ఆ మెల్లదనము అవసరమైనది. ఎద్దు రొమ్ముభాగము కష్టపడిన కండ; దానిలో జిగటనారలు మెండు. 70 డిగ్రీలు దాటి చాలసేపు నిలిచినగాని ఆ నారలు కరగి మెత్తని జిగురుగా మారవు. అయిదారు కిలోల ముక్క వండుటకు పండ్రెండు గంటలైనను పట్టును. నడుమ ఒక విచిత్రము జరుగును. మాంసము లోపలి వేడి 65 లేక 70 డిగ్రీల దగ్గరకు వచ్చి, అచ్చట గంటలతరబడి కదలక నిలిచిపోవును. ఎన్ని కట్టెలు వేసినను సూది ముందునకు జరుగదు. కొత్తవాడు భయపడి మంట పెంచి వంట చెడగొట్టుకొనును. దీనికి కారణము మన యింటి మంటికుండలోనే కలదు. వేసవిలో కుండగోడ గుండ ఊరిన చెమ్మ ఆవిరియై పోవుచు నీటి వేడిని తనతో గొనిపోవును గనుక నీరు చల్లబడును. మాంసము పైచెమ్మయు అట్లే ఆవిరియై, పొయ్యి ఇచ్చిన వేడిని ఇచ్చినట్లే గొనిపోవును. ఆ చెమ్మ తగ్గినపిమ్మటనే మరల వేడి యెక్కును. అంతవరకు ఓర్చి కూర్చుండుట, లేక దళసరి కాగితములో చుట్టి చెమ్మను బంధించుట, వంటవాని వివేకమునకు సంబంధించినది. ఈ యోర్పు సంగతి జ్ఞాపకముంచుకొనుడు. చూచువారి ఫిర్యాదులలో పెద్దది దీనికి సంబంధించినదే.

ఇక పోటీల నిబంధనలు. 1985వ సంవత్సరమున స్థాపింపబడిన కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ అను సంఘము వీనికి ప్రసిద్ధమైన కట్టుబాట్లు చేసినది. కోడి, పంది ప్రక్కటెముకలు, పంది భుజము, ఎద్దు రొమ్ము అని నాలుగు అంశములు. జట్టువారు రాత్రియంతయు వండి, మరునాడు నిర్ణీత కాలమున ఒక తెల్లపెట్టెలో ముక్కలమర్చి యిచ్చెదరు. ఇచ్చుటకు పది నిమిషముల గడువు; అది దాటిన పుచ్చుకొనరు. పెట్టెపై పేరు వ్రాయరాదు, గుర్తు పెట్టరాదు. సంఖ్య మాత్రమే యుండును. ఒక బల్లచుట్టు ఆరుగురు తీర్పరులు కూర్చుందురు. ప్రతివాడును రూపము, రుచి, మెత్తదనము అను మూడింటికి తొమ్మిదికి లోబడి మార్కులు వేయును. ఆరుగురిలో తక్కువ వేసినవాని లెక్క త్రోసివేయుదురు. దీనిచే ఒక్కని మొండితనము జట్టును ముంచకుండును.

ఆ మూడు గుణములకు సమానమైన విలువ లేదు. రూపమునకు వేసిన మార్కులను 0.56 తోను, రుచికి వేసినవానిని 2.2972 తోను, మెత్తదనమునకు వేసినవానిని 1.1428 తోను హెచ్చింతురు. మన లెక్కలో చెప్పవలెనన్న, మొత్తము ఒక రూపాయి యైనచో రుచికి 57 పైసలు, మెత్తదనమునకు 29 పైసలు, రూపమునకు 14 పైసలు మాత్రమే.

టెలివిజను చూపగలిగినది ఆ 14 పైసల సొమ్మును మాత్రమే. మిగిలిన 86 పైసలు నోటిలో నున్నవి. చూచువాడు తీర్పు చెప్పుటకు కూర్చున్నపుడు వాని చేతిలో ఏడవవంతు సాక్ష్యమైనను నిండుగా లేదు. ఇదియే నేను ముఖ్యముగా చెప్పదలచినది. వాని యభిప్రాయము బలముగా నుండుట తప్పు గాదు. అది దేనిని గూర్చినదో తెలిసికొనవలెను.

ఆ ఏడవవంతులోను మోసమున్నది. పొగపై వండిన మాంసమును కోసినపుడు అంచు వెంబడి గులాబిరంగు వలయ మొకటి కనబడును. చూచువారు దానిని మెచ్చుకొందురు. కెమెరా దానిపై ఆగి నిలుచును. వలయము వెడల్పైనచో వంటవాడు నేర్పరి యని పలువురి నమ్మిక. నిజమునకు అది రసాయనపు పని. కట్టె కాలునపుడు పుట్టిన వాయువులు మాంసములోని ఎఱ్ఱని పదార్థముతో కలిసి ఆ రంగును నిలుపును. దానికి రుచి లేదు. మాంసమును నిలువచేయుటకు వాడు ఒక విధమగు ఉప్పుతో పొగ లేకుండనే దానిని తెప్పింపవచ్చును. అందుచే పైసంఘమువారు ఆ వలయమును చూచి మార్కు వేయవలదని తమ తీర్పరులకు నేర్పుచున్నారు. బల్లకడ విలువలేనిది తెరపై కిరీటమైనది!

మరి, ఆ 86 పైసలను చూచువాడు ఎచ్చటనుండి తెచ్చుకొనుచున్నాడు? తీర్పరి ముఖమునుండి. ముక్క కొరికినవాడు కన్నులు మూసికొనెనా, తల యూచెనా, పెదవి విరిచెనా అని కనిపెట్టి, దానినిబట్టి రుచిని ఊహించుకొనును. నిజమైన పోటీలలో ఇట్లు ముఖము చూపుట పనికిరాదు. తీర్పరులు వ్రేళ్లతో ముక్కనెత్తి కొరికి, నీరు త్రాగి, ఉప్పు బిస్కత్తుతో నోరు శుభ్రపరచుకొని, మార్కులు వేయువరకు తమలో తాము మాటాడరాదు. ఒకని మెప్పు మరియొకనికి అంటునను భయముచే ఈ కట్టడి. టెలివిజనులో మౌనముగా నుండు తీర్పరి ఎవరికి కావలెను? అచ్చట వాడు మాటాడవలెను, ఆశ్చర్యపడవలెను, కొంచెము కటువుగనైనను పలుకవలెను. న్యాయమునకు మౌనము కావలెను, కార్యక్రమమునకు మాట కావలెను. ఈ రెంటికిని పొత్తు కుదురుట కష్టము. చూచువారిలో కొందరు తీర్పరులు నాటకమాడుచున్నారని విసుగుకొందురు. వారి విసుగు తీర్పరిపై గాక ఈ వైరుధ్యముపై పోవలసినది.

మెత్తదనమును గూర్చిన తగవు చెప్పదగినది. ఎముక పట్టుకొనగనే మాంసము జారి పడినచో అది యుత్తమమని యింటివారు చాలమంది తలంతురు. పోటీ తీర్పరులకు అది అతిగా ఉడికిన గుర్తు. కొరికినంత మేర మాత్రమే ఊడివచ్చి, పంటిగాటు స్పష్టముగా నిలిచి, మిగిలినది ఎముకను అంటియుండవలెనని వారి మతము. అన్నము విషయమున పలుకు విడివిడిగా నుండవలెననువారును, మెత్తగా గంజి పట్టియుండవలెననువారును మన యిండ్లలోనే కలరు గదా! ఇందు చూచువాడు మూర్ఖుడనుటకు వీలులేదు. ఆయన తన యింటి కొలతతో కొలిచెను. తీర్పరి సంఘపు కొలతతో కొలిచెను. తెరపై నున్నవారు తమ కొలత యేదో ముందుగా వివరించి చెప్పినచో సగము వివాదములు పుట్టవు. చెప్పిన కార్యక్రమములను చూచువారు గౌరవించుటయు కలదు. ఏమియో నేర్చుకొంటిమను తృప్తి వారికి కలుగును.

ఈ కార్యక్రమముల నడక ఎట్లు మారినదో కొంచెము చూతము. 2009వ సంవత్సరము డిసెంబరులో టి.ఎల్.సి. అను ప్రసారసంస్థ 'బి.బి.క్యూ. పిట్‌మాస్టర్స్' అను వరుసను మొదలుపెట్టినది. ఆ మొదటి విడతలో పోటీని కల్పించుట లేదు. ఊరూర జరుగు నిజమైన పోటీలకు పోవు జట్ల వెంట కెమెరా పోయినది. జార్జియా రాష్ట్రపు మైరన్ మిక్సన్, వర్జీనియాకు చెందిన టఫీ స్టోన్, టెక్సాసు వృద్ధుడు జానీ ట్రిగ్ మొదలగువారు అందు కనబడిరి. బండ్లు తోలుకొని పోవుట, రాత్రి మేలుకొనుట, తెల్లవారుజామున కట్టెలు సర్దుట, ఓడి సామానులు మూటగట్టుకొనుట — ఇవి యెల్ల చూపబడెను. రెండవ విడతలో పద్ధతి మారిపోయినది. తీర్పరులను కూర్చుండబెట్టి, వారము వారము పోటీదారులను నిలిపి, ఒకరిని గెలిపించు సామాన్యమైన పోటీ యయ్యెను. 2012లో అది డెస్టినేషన్ అమెరికా అను మరియొక సంస్థకు పోయినది. మొదటి విడతయే మేలైనదని తలచువారు నేటికిని కలరు. వారి పక్షమున న్యాయమున్నదని నా యభిప్రాయము. దానిని చూచినవాడు రుచి నెరుగకపోయినను పని నెరుగును. మైరన్ మిక్సన్ తన గొప్ప తాను చెప్పుకొనుటకు వెనుదీయడు. అది కొందరికి వినోదము, కొందరికి వెగటు. వెగటుపడినవారును మరుసటి వారము మరల చూచియే యుందురని తోచుచున్నది.

2020వ సంవత్సరము సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్ సంస్థ 'అమెరికన్ బార్బెక్యూ షోడౌన్' అనుదానిని వెలువరించినది. జార్జియాలోని కోవింగ్టను వద్ద ఎనిమిదిమంది పోటీపడిరి. కెవిన్ బ్లడ్సో, మెలిస్సా కుక్‌స్టన్ తీర్పరులు. ఆమె మెంఫిసు పోటీలలో అగ్రస్థానము గెలిచిన వంటకత్తె. ఆయన కాలిఫోర్నియాలోని కాంప్టనులో బార్బెక్యూ దుకాణము నడపి పేరొందినవాడు. చేయి కాల్చుకొన్నవారు తీర్పు చెప్పుట చూచువారికి నచ్చును. ఒక వృత్తిని నడపినవాని మాటకు, పేరుకు మాత్రము పెద్దవాడగు అతిథి మాటకు గల తేడాను పామరుడైనను ఇట్టే కనిపెట్టును. తీర్పరి యెవరు అను ప్రశ్నలో చూచువారి యభిప్రాయము తరచు సరియైనదే యగుట నేను గమనించితిని. ఏలయన ఇది నాలుకతో పని లేని ప్రశ్న.

కాలపు ఫిర్యాదునకు వత్తము. కల్పించిన పోటీలలో పెద్ద గడియారము పెట్టి, ఇన్ని గంటలలో వండుమని గడువు విధింతురు. పండ్రెండు గంటల పనిని మూడు నాలుగు గంటలలోనికి నెట్టినచో వంటవాడు మంట పెంచవలెను, ముక్క చిన్నది చేయవలెను, కాగితములో ముందే చుట్టవలెను. ఇందును నేర్పు కలదు, కాదనరాదు. కాని అది వేరు నేర్పు. ఈ వంటకు ప్రాణమైన ఓర్పును తీసివేసి, తక్కినదానికి అదే పేరు పెట్టుట తగునా అని తెలిసినవారు అడుగుచున్నారు. కార్యక్రమము తయారుచేయువారికిని ఒక కష్టమున్నది: పొగపొయ్యి మూత మూసియుండగా చూపుటకేమియు లేదు. రాత్రి రెండు గంటలకు ఒక మనుష్యుడు కుర్చీలో కూర్చుండి పొగ రంగు చూచుచుండుట ఎంతసేపు చూపగలరు? తెల్లగా దట్టముగా వచ్చు పొగ మాంసమునకు చేదు పట్టించును. పలుచగా నీలిగా వచ్చు పొగ మంచిది. ఆ తేడాకై వాడు కాచుకొనియున్నాడు. వంటలో సగము అక్కడనే యున్నది. తెరపై అది రెండు క్షణములు. పొగ చూచు రాత్రులు లేని వంటను బార్బెక్యూ యని చూచి పెరిగిన పిల్లవాడు రేపు పొయ్యి కొన్నపుడు, సూది కదలక నిలిచిన ఆ గంటలలో ఏమి చేయును? మంట పెంచును. నష్టము తెరపై లేదు. వాని పెరటిలో నున్నది.

పేరు తెలిసి తీర్పు చెప్పుట న్యాయమా, తెలియక చెప్పుట న్యాయమా అనునది మరియొక వివాదము. చూచువాడు రెండును కావలెనని కోరును. పెట్టె యెవరిదో తీర్పరికి తెలియరాదు. వండినవాని కథ మాత్రము తనకు తెలియవలెను. వాని తండ్రి యెవరు, ఎన్ని యేండ్ల కష్టము, అప్పు లేవైన కలవా — ఇవి తెలిసిననే వాని గెలుపోటములు మన గుండెకు తగులును. తగిలిన పిదప మనము నిష్పక్షపాతులము గాము. 1978 నుండి జరుగుచున్న మెంఫిసు పోటీలో దీనికొక యుపాయము చేసిరి. కొందరు తీర్పరులు పేరులేని పెట్టెలను రుచిచూతురు; మరికొందరు జట్టు గుడారమునకే పోయి, వంటవాని మాట విని, అతని పొయ్యి చూచి, అతని చేతి వడ్డన తిందురు. అచ్చట మాటకారితనము మార్కు తెచ్చిపెట్టునని కొందరు దెప్పుదురు. మన పల్లెలలో అతిథికి వడ్డించుట వంటలో భాగమే కాబట్టి, ఆ పద్ధతి మనకంత వింతగా తోచదు.

ఎవరిని తెరపై చూపుచున్నారను ప్రశ్న తేలికయైనది గాదు. దక్షిణ రాష్ట్రములలో గోయి త్రవ్వి, రాత్రులు నిప్పు కాచి, ఈ వంటను నిలిపినవారిలో నల్లజాతివారు ముఖ్యులు. దాస్యకాలమున యజమానుల విందులకు వండినది వారే. పోటీలకు నేడు పెద్ద పొయ్యిలు, వానిని లాగు బండ్లు, ఖరీదైన మాంసము, వారము వారము ప్రయాణము కావలెను. డబ్బు గలవాడే తిరుగగలడు. ఆ తిరుగువారిలోనుండి టెలివిజను తన మనుష్యులను ఏరుకొన్నచో దుకాణములో నలువది యేండ్లు నిప్పు కాచిన వృద్ధుడు కనబడకుండపోవును. 2021లో వెలువడిన 'బ్లాక్ స్మోక్' అను గ్రంథమున ఏడ్రియన్ మిల్లరు నల్లజాతి వంటవారిని పత్రికలును టెలివిజనును ప్రక్కకు నెట్టిన తీరు వివరించెను. ఈ ఫిర్యాదు రుచిని గూర్చినది గాదు, కీర్తిని గూర్చినది. దానిని చూచువాడు కంటితోనే కనిపెట్టగలడు.

టెక్సాసులో మన తెలుగువారు వేలకు వేలుగా కాపురమున్నారు. పొరుగువారి పెరటి పొగ వారికి తెలిసినదే. వారిలో ఎవరైన పోటీవంటను చూచి ఇంట అట్లే వండదలచినచో ఒక్క సంగతి తెలిసికొనవలెను. పోటీ తీర్పరి ఒక్కొక్క పెట్టెనుండి ఒకటి రెండు కొరుకులే తినును. ఆ ఒక్క కొరుకులోనే వానిని వశపరచుకొనవలెనని వంటవారు తీపి, ఉప్పు, కారము, పులుసు అన్నియు దట్టించి, మాంసములోనికి సూదితో రసము ఎక్కింతురు. పళ్లెము నిండ తిన్నచో వెగటు పుట్టును. పోటీలో నెగ్గిన వంట తమ భోజనమునకు తగదని వంటవారిలోనే యనువారు కలరు. చూచువాడు 'ఇది గెలిచినది గనుక ఇదియే మంచిది' అనుకొన్నచో మోసపోవును. కట్టెపొట్టును గుళికలుగా చేసి, విద్యుద్యంత్రముచే తనంతట తాను నిప్పులోనికి జారునట్లమర్చిన పొయ్యిలపై గూడ ఇట్టి తగవే. సంఘము వానిని ఒప్పుకొన్నది. పాతకాలపువారు నిద్రపోవుచు వండుట వంటయా అని యెత్తిపొడుచుదురు.

పోటీ ముగిసినపిదప సంఘమువారు ప్రతి జట్టునకు ఒక పట్టిక యిచ్చెదరు. బల్లకడ ఆరుగురును రూపమునకెంత, రుచికెంత, మెత్తదనమునకెంత వేసిరో అందుండును. ఓడినవాడు దానిని బండిలో కూర్చుండి చదువుకొని, కోడి విషయమున నాలుగవ తీర్పరికి ఏమి నచ్చలేదో యని దారిపొడుగున ఆలోచించుచు పోవును. అట్టి పట్టికను పూర్తిగా తెరపై పెట్టినచో చూచువారి కొట్లాట సగము చల్లారును. పెట్టువారికి ఆ కొట్లాట చల్లారుట ఇష్టమా కాదా అనునది వేరు విషయము.